తిన్నాకే పేరు

ఆ గురువారం ఉదయం ఆరింటికే పోస్టుమాస్టరు ఒక పాత మనియార్డరు ఫారం వెనకపక్క ఆ రోజు కార్యక్రమమంతా రాసి, వంటింటి తలుపుకు పిన్నుతో గుచ్చాడు. పది గంటలకు వంటావిడ రాక. పదకొండుకు అతిథి రాక. పదకొండుంబావుకు చేతులు కడుక్కోవడం. పన్నెండుకు భోజనం. ఒంటిగంటకు పేరు అడగడం. ఒంటిగంటా అయిదుకు అమ్మ ఏడవడం.

"అత్తయ్యగారు ఏడవడానికి కూడా టైమిచ్చారా?" అని అడిగింది ఆయన భార్య. కుడి మణికట్టు బెణికి పట్టీ వేసుకోవడంతో రెండు రోజులుగా ఆమెకు మాటలు తప్ప వేరే పని లేదు.

"పది నిమిషాలిచ్చాను. ఆ తర్వాత మన కాలనీ ప్రెసిడెంటు బాబాయి ఉపన్యాసం ఉంది. ఆయన పదకొండు పేజీలు రాసుకున్నాడట."

పోస్టుమాస్టరు రిటైరై రెండేళ్లయింది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో సంతకం లేకుండా ఒక్క రిజిస్టరు ఉత్తరం చెయ్యి దాటనివ్వలేదు. పేరు, ఊరు, ఇంటి నంబరు చెప్పకపోతే సొంత బావమరిదికి కూడా పార్సిలు ఇవ్వలేదని ఇప్పటికీ అత్తవారింట్లో చెప్పుకుంటారు. అటువంటి మనిషి ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి మాత్రం ఎవరినీ ఏమీ అడగడు. ఆయనే కాదు, ఆ కాలనీలో ఎవరూ అడగరు.

దాన్ని అందరూ ముంపు కాలనీ అంటారు. డెబ్భై ఒక్క ఏళ్ల కిందట ఆనకట్ట కట్టినప్పుడు నీళ్లలో మునిగిపోయిన ఊరి వాళ్లూ, వాళ్ల పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ ఉండే నలభై రెండు ఇళ్లు. ఊరు పోయింది. పొలాలు పోయాయి. ఇంటి తలుపులు కూడా కొందరు విప్పుకుని మోసుకొచ్చారు గాని, దారిలో బరువై వదిలేశారు. చివరికి మిగిలింది ఒక్క నియమం. ఇంటికి వచ్చినవాళ్లు తినేదాకా నువ్వెవరు, ఏ ఊరు, ఏం పనిమీద వచ్చావు అని అడగకూడదు. తిన్నాకే పేరు.

దీని వెనక ఉన్న కథ పోస్టుమాస్టరు తల్లిది. ఊరు వదిలి నడిచిన రోజుల్లో ఆవిడకు తొమ్మిదేళ్లు. దారిలో ప్రతి ఇంటివాళ్లూ ముందు "ఎవరు మీరు?" అని అడిగేవారు. ముంపు ఊరివాళ్లమని చెప్పగానే తలుపు వేసుకునేవారు. మూడో రోజు మధ్యాహ్నం, మూడు బాటలు కలిసే చోట, సున్నం బట్టీ పక్కన ఒక ఇల్లు. ఆ ఇల్లాలు ఏమీ అడగలేదు. దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ ఆరుగురి చేతుల్లో ఆరు గిన్నెలు పెట్టి, మెడ వంగిన గరిటెతో వేడి జావ పోసింది. "జావ మీద నల్లగా, తియ్యగా ఏదో వేసింది. అలాంటిది మళ్లీ తినలేదు" అంటుంది ముసలమ్మ. కోడలు ఆ నల్లగా తియ్యగా ఉన్నదేమిటో పట్టుకోవడానికి ముప్ఫై ఏళ్లుగా బెల్లం వేసింది, ఖర్జూరం వేసింది, ఎండుద్రాక్ష వేసింది. ముసలమ్మ ప్రతిసారీ ఒక్క చెంచా తిని, "బాగుందమ్మా. అది కాదు" అని గిన్నె పక్కన పెట్టేసేది.

ఆ ఇల్లాలు వీళ్ల పేరు అడగలేదు. తన పేరు చెప్పలేదు. ఆనాటికి అది ఎంతో గొప్ప మర్యాదే గాని, తర్వాత డెబ్భై ఏళ్లు అదే పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. ఎవరిని వెతకాలో తెలియదు. ఇక నియమం మాటకొస్తే, ముంపు కాలనీ ఈ డెబ్భై ఏళ్లలో ఎన్నికలకు నిలబడ్డ ప్రతి పార్టీవాడికీ, దారి తప్పిన రెండు పెళ్లి బృందాలకూ, ఒకసారి ఒక దొంగకూ భోజనం పెట్టింది. ఆ దొంగ తిన్నాక పేరు అడిగితే నిజమే చెప్పాడట పాపం.

"ఒక్క గిన్నెరా. నా చేత్తో ఆ ఇంటివాళ్లకి ఒక్క గిన్నె పెడితే చాలు. అది పెట్టకుండా పోతే నా ప్రాణం ఈ గుమ్మం దాటదు" అనేది ముసలమ్మ. ఆ మాట వింటూ పెరిగిన కొడుకు రిటైరైన మర్నాడే పనిలోకి దిగాడు. ఆ దారి పొడుగునా ఉన్న అరవై మూడు పోస్టాఫీసులకు అరవై మూడు ఉత్తరాలు రాశాడు. అరవై రెండింటికి జవాబు లేదు. అరవై మూడో దానికి ఒకాయన రాశాడు. "మా నాయనమ్మ దారిన పోయేవాళ్లకి పెట్టేదని విన్నాం. బట్టీ ఇప్పుడు లేదు. ఇల్లు ఉంది" అని. కిందటి వారం ఫోను కూడా చేశాడు. తనకు కాలు బాగాలేదనీ, ఇంటి తరఫున ఒకరు గురువారం పదకొండు గంటల బస్సుకు వస్తారనీ చెప్పాడు.

"ఎవరొస్తారో పేరడగలేదా?" అంది భార్య.

"తినకుండా ఎలా అడుగుతాను? ఫోనులో అయినా నియమం నియమమే."

ఉత్తరం రాసింది మగవాడు కాబట్టి వచ్చేది కూడా మగవాడే అని పోస్టుమాస్టరు తనంతట తానే తేల్చుకున్నాడు. ఆయన వస్తున్నాడు అని కాలనీ అంతా చెప్పాడు. నలభై రెండు ఇళ్ల ఆడవాళ్లూ ఇంటికొక గుడ్డముక్క తెచ్చి ఆయన కోసం బొంత కుట్టారు. ఆ రోజు ఆ ఇల్లాలు పడుకున్న పిల్లమీద దుప్పటి కప్పిందట, అందుకు. కోడలి చెయ్యి బెణికింది గనుక వంటమనుషులను పంపే ఆఫీసుకు ఫోను చేసి, పదింటికల్లా ఒక ఆవిడను పంపమని గట్టిగా చెప్పారు. ఇక పొరపాటు జరగడానికి ఎక్కడా సందు లేదని పోస్టుమాస్టరు నమ్మకం.

పదీ పదికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో యాభై అయిదేళ్ల ఆవిడ. ఉతికి ఆరేసిన మామూలు బట్టలు, చేతిలో గుడ్డ సంచీ. సంచీలోంచి ఒక గరిటె కాడ బయటికి కనిపిస్తోంది.

"నమస్కారమండీ. నేను..." అందావిడ.

"తెలుసు తెలుసు. పొద్దుట్నుంచీ మీ కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాం. లోపలికి రండి" అన్నాడు పోస్టుమాస్టరు. సొంత గరిటె తెచ్చుకున్న వంటమనిషిని ఆయన జీవితంలో చూడలేదు. ఆఫీసువాళ్ల మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది.

"అమ్మగారు ఎక్కడున్నారండీ?"

"అమ్మని తర్వాత చూద్దురుగాని. ముందు వంటింట్లోకి పదండి."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "సరాసరి వంటింట్లోకేనా?"

"మరి హాల్లో వండుతారా?" అన్నాడాయన.

ఆవిడ పకపకా నవ్వి, సంచీ సర్దుకుని లోపలికి నడిచింది. పనంటే ఇంత సంబరపడే మనిషి దొరకడం తమ అదృష్టమనుకుని పోస్టుమాస్టరు ఫారం మీద మొదటి వరుసకు టిక్కు పెట్టుకున్నాడు. చెప్పవద్దూ, ఆ టిక్కు తలచుకుంటే ఇప్పటికీ ఆయన నెత్తి కొట్టుకుంటాడు.

వంటింట్లో భార్య పట్టీ కట్టిన చెయ్యి చూపించింది. "చూశారుగా నా అవస్థ. పన్నెండింటికల్లా కాలనీ అంతా దిగుతారు. కాస్త చెయ్యి వెయ్యాలి."

"అయ్యో, ఒక చెయ్యేమిటి, రెండూ వేస్తాను. మీరు కూర్చోండి" అని ఆవిడ పొయ్యి ముందుకు వెళ్లింది. బియ్యం కడిగింది, పప్పు ఎసట్లో వేసింది, కూరలు తరిగింది. తరుగుతూ, "అమ్మగారి కోసం విడిగా ఒకటి చెయ్యాలనుకున్నానండీ. పర్వాలేదా?" అంది.

"దానికేం, చెయ్యండి. ఆవిడకి పళ్లు లేవు, మెత్తగా ఉండాలి."

పావుగంటలో భార్య పరుగున హాల్లోకి వచ్చింది. "ఏమండీ, ఈవిడ ఉల్లిపాయలు మాడ్చేస్తోందండీ!"

"పొరపాటున మాడాయేమో."

"పొరపాటేమిటి, నేను మంట తగ్గిస్తే మళ్లీ పెంచింది! ఇంకా నల్లబడాలి అంటోంది. ఇల్లంతా పొగ!"

"ఈ ఒక్కపూటా సర్దుకో. ఇప్పుడు ఆవిడకి కోపమొచ్చి వెళ్లిపోయిందంటే, వచ్చే ఆయనకి నేను వండి పెట్టాలి" అన్నాడు పోస్టుమాస్టరు. ఆయన వంట ఒకసారి తిన్న భార్య మారుమాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి కిటికీ తెరిచింది.

సరిగ్గా పదకొండయ్యేసరికి గేటు దగ్గర కాలనీ అంతా మూగింది. అందరికంటే ముందు ప్రెసిడెంటు బాబాయి, చంకలో బొంత, జేబులో ఉపన్యాసం. పదకొండూ రెండు నిమిషాలకు వీధి మలుపు అవతల, వీళ్లకు కనిపించని చోట, ఒక నడివయసు మనిషి మోపెడ్ ఆపి దిగాడు. చెమటకు తడిసిన చొక్కా, చేతిలో పెద్ద పుస్తకం, జేబులో టార్చిలైటు. ఇళ్ల నంబర్లు చూసుకుంటూ తిన్నగా వీళ్ల గేటు ముందుకే వచ్చాడు.

"అండీ, నేను నీళ్ల..."

"నీళ్లే కాదు నాయనా, భోజనం కూడా పెడతాం. తినేదాకా ఒక్క మాట చెప్పకూడదు" అని బాబాయి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేశాడు. ఒకరు పుస్తకం అందుకున్నారు. ఒకరు విసనకర్ర తెచ్చారు. ఇద్దరు రెండు మోచేతులూ పట్టుకుని లోపలికి నడిపించారు.

ఆ వచ్చినతను కొళాయి మీటర్లు చూసి రాసుకునే మనిషి. "అది సరేనండీ, మీ కొళాయి ఎక్కడ?" అని మాత్రం అడగగలిగాడు.

"ఇదిగో ఇటు, చేతులు కడుక్కుందురుగాని" అని అందరూ కలిసి కొళాయి దగ్గరికి తీసుకెళ్లారు. అతను కొళాయి కిందికి వంగి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం వెంట గోడదాకా తొంగి చూశాడు.

"చూశారర్రా, ఎంత వినయమో!" అన్నాడు బాబాయి గద్గదంగా. "నీళ్లలో మునిగిన ఊరివాళ్ల ఇంట్లో నీళ్లకి కూడా వంగుతున్నాడు. వంశం అంటే అదీ." ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

లేచేసరికి అతని భుజాల మీద బొంత పడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, నలభై రెండు ఇళ్ల గుడ్డముక్కలతో, దూదిపెట్టి కుట్టిన బొంత. అతనికి ఒక్కటే అర్థమైంది. వీళ్లు మీటరును ఏదో చేశారు. మామూలు తప్పు కాదు, చాలా పెద్ద తప్పే చేసి ఉంటారు. లేకపోతే ఇంత మర్యాద దేనికి? పంతొమ్మిదేళ్లుగా గడపగడపా తిరుగుతున్నాడు. కుక్కలు తప్ప ఎవరూ ఎదురువచ్చి పలకరించింది లేదు. మంచినీళ్లు కావాలా అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సరే, తిన్నాక చూద్దాంలే అని నోరు మూసుకుని కూర్చున్నాడు.

పన్నెండుకు ముసలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. డెబ్భై ఒక్క ఏళ్ల నాటి ముఖంలో ఏ ముక్కయినా ఇందులో ఉందేమోనని వెతుకుతున్నట్టు చూసింది. ఏమీ దొరికినట్టు లేదు. అయినా ఒక చేత్తో గిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో ఆనించుకుని, అతని ముందు పెట్టింది.

"తిను నాయనా. నీ కోసం చాలా రోజుల్నుంచి చూస్తున్నాను."

తప్పు చేసినవాళ్లు ఇలా మాట్లాడరని మీటరాయనకు అనిపించింది గాని, అప్పటికే గిన్నె చేతిలో ఉంది. తల వంచుకుని తిన్నాడు.

అదే సమయంలో వంటింటి గుమ్మం దగ్గర వంటావిడ నిలబడింది, చేతిలో ఒక గిన్నె జావ. "అమ్మగారికండీ. నేనిచ్చిరానా?"

"నేనిస్తాను. మీరు లోపలే ఉండండి, ఇక్కడ కాలు పెట్టే చోటు లేదు" అని పోస్టుమాస్టరు గిన్నె అందుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, సరే అని తలూపి, తలుపు వారగా నిలబడి చూసింది.

ముసలమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. రెండో చెంచా తీసుకోలేదు. జావ మీద మాడిన ఉల్లిపాయ ముక్కలు, నల్లగా. నోట్లో కరిగేకొద్దీ తియ్యగా. ఆవిడ చెంచా వదిలేసి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని, తొమ్మిదేళ్ల పిల్ల ఎత్తి తాగినట్టు ఎత్తి తాగింది. తాగి, బావురుమని ఏడ్చింది. టైము పన్నెండూ ఇరవై. కార్యక్రమం కంటే నలభై అయిదు నిమిషాలు ముందు.

"ఇది ఆ చెయ్యేరా! ఆ చేతి వంటేరా ఇది!"

"అవునమ్మా, ఆ ఇంటాయనే. ఇదిగో, నీ ఎదురుగా కూర్చున్నాడు" అన్నాడు కొడుకు.

"అతను కాదు. నేనటు చూడటం లేదు" అంది ముసలమ్మ. ఆవిడ వంటింటివైపు చూస్తోంది.

పెద్దతనం, సంతోషం ఎక్కువై ఎటు చూడాలో తెలియడం లేదనుకుని పోస్టుమాస్టరు ఆవిడ గడ్డం పట్టుకుని మెల్లగా మీటరాయనవైపు తిప్పాడు.

పన్నెండూ నలభైకి వంటావిడ చేతులు తుడుచుకుంటూ భార్య దగ్గరికి వచ్చింది. "ఇక వెళ్లొస్తానండీ. ఒంటిగంటంబావు బస్సు దాటితే మళ్లీ రేపే."

"అయ్యో, తినకుండానే? ఈ పంక్తి లేవగానే మీకు వడ్డించేస్తాను."

"టైము చాలదండీ. అమ్మగారు తిన్నారుగా, నా కడుపు నిండింది." పొయ్యి పక్కన గరిటె పెట్టింది. "ఇది అమ్మగారికివ్వండి."

భార్యకు ఒకపక్క అప్పడానికి కేకలు, ఒకపక్క మజ్జిగకు కేకలు. "సరేనమ్మా, జాగ్రత్తగా వెళ్లండి" అనేసింది. వెళ్తూ ఆవిడ హాలు అవతలి నుంచి పోస్టుమాస్టరుకు చెయ్యి ఊపింది. ఆయన జనం మధ్యలోంచి, ఎవరితోనో మాట్లాడుతూనే, సరే సరే అన్నట్టు చెయ్యి ఆడించాడు.

ఒంటిగంట కొట్టింది. బాబాయి లేచి గొంతు సవరించుకున్నాడు. "అతిథి తిన్నారు. డెబ్భై ఒక్క ఏళ్ల తర్వాత ఈ కాలనీ తరఫున అడుగుతున్నాను. బాబూ, మీరెవరు?"

మీటరాయన బొంతతోనే లేచి నిలబడ్డాడు. చెమట ధారలు కడుతోంది. "నేను నీళ్ల మీటరు చూసేవాణ్నండీ. మీరు ఏం తప్పు చేసినా ఇంత పెట్టక్కర్లేదండీ. మీటరు ఎక్కడుందో చెప్తే ఉన్నదున్నట్టు రాసుకుపోతాను."

హాల్లో విసనకర్ర ఆగిపోయింది.

"మరి నా ఉపన్యాసం?" అన్నాడు బాబాయి.

"ఉండు బాబాయ్! అంటే అసలాయన ఇంకా రాలేదన్నమాట!" అన్నాడు పోస్టుమాస్టరు, కొంచెం ప్రాణం లేచివచ్చి. "బస్సు ఆలస్యమై ఉంటుంది. మళ్లీ ఆకులు... కాదు, పళ్లేలు కడగండి. అన్నం ఉందా?" అంతలోనే తలుపు చప్పుడైంది. నలుగురు కలిసి మీటరాయన మీది బొంత లాగారు. అతను హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. అందరూ బొంతతో సహా గుమ్మానికి పరుగెత్తారు.

గుమ్మంలో ఒక లావుపాటి ఆవిడ రొప్పుతూ నిలబడి ఉంది. "ఆఫీసు నుంచి పంపారండీ, వంటకి. ఎక్కాల్సిన బస్సు తప్పిపోయింది, తిట్టకండి. వంటిల్లెటు?"

"వంటావిడ పొద్దున్నే వచ్చి వండేసి వెళ్లిపోయింది కదమ్మా" అంది భార్య.

"నేనేనమ్మా వంటావిణ్ని. ఇంకెవరినీ పంపలేదు వాళ్లు."

పోస్టుమాస్టరు వెనక్కి తిరిగి చూశాడు. వంటింటి గడప మీద ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో ఒక ఇనప గరిటె. దాని మెడ ఒక పక్కకు వంగి ఉంది.

"అతను కాదురా అన్నానా లేదా?" అంది ఆవిడ.

ఆ తర్వాత అయిదు నిమిషాలు ఇంట్లో ఎవరేం చేశారో ఎవరికీ సరిగా గుర్తులేదు. భార్య ఎడమచేత్తోనే క్యారియరు నిండా అన్నం, పప్పు, కూరలు సర్దింది. పోస్టుమాస్టరు ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి బాబాయి చెప్పు వేసుకున్నాడు. కాలనీలో ఆ వేళకు ఒక్క బండీ లేదు. "ఎక్కండి సార్. తిన్న ఇంటికి ఆమాత్రం చెయ్యనా?" అని మీటరాయన మోపెడ్ స్టార్టు చేశాడు. బొంత ఒళ్లో, క్యారియరు చేతిలో పెట్టుకుని పోస్టుమాస్టరు వెనక కూర్చున్నాడు. దారిలో ప్రతి గతుకు దగ్గరా ఆయన ఒకటే మాట అన్నాడు. "అమ్మని చూస్తానందయ్యా. నేనే తర్వాత అన్నాను."

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మూడో కిటికీ దగ్గర ఆవిడ కూర్చుని బన్ను తింటోంది. బస్టాండులో అమ్మే ఎండిన బన్ను. సగం అయిపోయింది.

"అయ్యో, మీరెందుకొచ్చారండీ ఇంత ఎండలో?" అని బన్ను ఒళ్లో దాచుకుంది, తప్పు చేసినట్టు.

పోస్టుమాస్టరు నోరు తెరిచాడు. క్షమించమ్మా, నిన్ను వంటమనిషి అనుకున్నాను, అని చెప్పాలి. మోపెడ్ మీద వస్తూ ఆ మాట పదిసార్లు లోలోపల అనుకున్నాడు.

ఆవిడే ముందు అందుకుంది. "మా నాయనమ్మ అనేదండీ. వచ్చినవాళ్లని కుర్చీ వేసి కూర్చోబెడితే పరాయివాళ్లని, పని చెప్తే మనవాళ్లని. ముందు బస్సే దొరికి గంట ముందే వచ్చేశాను గాని, దారిపొడుగునా భయపడుతూనే వచ్చాను. పెద్ద మర్యాదలు చేసి నన్ను ఎక్కడో కూర్చోబెడతారేమో, అందరూ నా చుట్టూ చేరతారేమో అని. మీరు గుమ్మంలోనే నా మాట ఆపేసి సరాసరి వంటింట్లోకి రమ్మన్నారు చూడండీ, అక్కడే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మా అన్నయ్యకి చెప్తాను. అలాంటి ఇల్లు ఇంకెక్కడా లేదని చెప్తాను."

చెబితే ఆవిడ సంతోషం పోతుంది. చెప్పకపోతే తనది కాని మర్యాద తన నెత్తిన ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక పోస్టుమాస్టరు క్యారియరు పైకెత్తాడు. ఎత్తాక గుర్తొచ్చింది. అందులో ఉన్నదంతా ఆవిడ వండిందే.

"అది అమ్మగారికి ఉంచండి. ఇంత వండింది ఆవిడ కోసమే కదా" అంది ఆవిడ. అప్పుడు మోపెడ్ పక్కన నిలబడ్డ మనిషిని చూసి గొంతు తగ్గించింది. "ఈయన్ని పొద్దున అంత గౌరవంగా కూర్చోబెట్టారు కదా. పాపం, అంతటి పెద్దాయన నా కోసం బండి నడుపుకుంటూ వచ్చారా? ఎవరండీ ఆయన?"

"ఆయన..." అన్నాడు పోస్టుమాస్టరు. "ఆయన నీళ్ల ఆఫీసులో... పెద్దాయన."

మీటరాయన తల వంచుకున్నాడు. బస్సు కదిలింది. అతనే ముందుకు వచ్చి బొంతను కిటికీలోంచి తోశాడు. "ఇది మీదేనమ్మా. పొరపాటున నా మీద పడింది." ఆవిడ ఏదో అనబోయింది గాని, బస్సు మలుపు తిరిగింది.

పోస్టుమాస్టరు క్యారియరుతోనే తిరిగి వచ్చాడు. హాలు ఖాళీ అయింది. బాబాయి ఒక్కడే మూల కూర్చుని ఉపన్యాసాన్ని నాలుగు మడతలు పెడుతున్నాడు. ముసలమ్మ ఇంకా గడప మీదే, గరిటె ఒళ్లోనే.

"దొరికిందా?"

"దొరికిందమ్మా."

"తిన్నదా?"

"తిన్నది."

"ఏం తిన్నది?"

పోస్టుమాస్టరు క్యారియరు కింద పెట్టాడు. "బన్ను" అన్నాడు.

ముసలమ్మ గరిటె మెడను వేలితో నిమిరింది. "అప్పుడొక గిన్నె. ఇప్పుడొక గిన్నె. బాకీ రెండయింది. ఒక్కటి తిరిగి పెట్టడానికే డెబ్భై ఏళ్లు చాలలేదురా. నాకిప్పుడు ఎనభై."

ఆయన తల్లి పక్కన గడప మీద కూలబడ్డాడు. అరవై రెండేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నాదేనమ్మా తప్పు. నిన్ను చూస్తానని వచ్చీరాగానే అడిగింది. గిన్నె నేనిస్తానంది. రెండుసార్లూ నేనే అడ్డంపడ్డాను."

ముసలమ్మ ఆయన తలమీద చెయ్యి వేసింది గాని, పర్వాలేదు అనలేదు. గరిటె గడప మీద పెట్టి అడిగింది. "పోనీలే. పేరేమిటి ఆ పిల్లది?"

పోస్టుమాస్టరు ముఖం తుడుచుకున్నాడు. క్యారియరు వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు, తల్లి ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

"ఇంకా మనింట్లో తినలేదు కదమ్మా" అన్నాడు.

ముంపు కాలనీలో ఆ నియమాన్ని అంత కచ్చితంగా పాటించినవాడు ఇంతవరకు మరొకడు లేడు.